నీలగుట్టలో చివరి అజ్ఞాత భోజనశాల

నీలగుట్టలో భోజనశాలలు అడుగంటిపోతున్నాయని తొలుత గుర్తించింది ప్రభుత్వమే. మామూలు కంటికి ఇది వింతగా తోచవచ్చు. మా పేటలో రెండిళ్ళకొక భోజనశాల ఉంది. ఒకప్పుడు మంగలి దుకాణమున్న చోట ఇప్పుడు చేపలను పచ్చివే వడ్డిస్తున్నారు. కుట్టుమిషన్లు బాగుచేసే షెడ్డులో, తలుపేదో తెలియక గోడంతా తడుముకుంటూ లోపలికి పోవలసిన కాఫీ హోటలొకటి వెలిసింది. అయితే ప్రభుత్వపు ఆందోళన భోజనశాలల గురించి కాదు. ఎవరికీ తెలియని భోజనశాలల గురించి.

శని, ఆదివారాల్లో నగరం నలుమూలల నుంచీ యువతీయువకులు మా పేటకు వచ్చేది భోజనానికి కాదు, కనుగొనడానికి. ఎవరూ ఎరగని హోటలును తామే మొదట కనిపెట్టి, దాని ఫొటో నలుగురికీ చూపించి, అది ఇకమీదట ఎవరూ ఎరగనిది కాకుండా చేయడం వారి వారాంతపు వ్రతం. కనుగొన్న చోటికి రెండోసారి పోవడం పరువు తక్కువ. ఈ లెక్కన ప్రతి హోటలూ ఒక్కసారే పనికొస్తుంది. ఇలా కొన్నేళ్ళు గడిచేసరికి పేటలో కనుగొనడానికేమీ మిగలక, జనం ఒకరోజు మా వీధి చివరి రక్తపరీక్షల కేంద్రంలో దూరి వంటకాల జాబితా అడిగారు. దాంతో ప్రభుత్వం మేలుకొని అజ్ఞాత భోజనశాలల పరిరక్షణ ప్రాధికార సంస్థను నెలకొల్పింది.

దానికి ఉపసంచాలకులుగా బొల్లం విఠల్ అనే అధికారిని భూగర్భజల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద పంపారు. ఆయన ఉద్యోగజీవితమంతా నేల కింద ఉన్నదానిని లెక్కగట్టడంలో గడిచింది. పైకి కనిపించని ఏ వస్తువైనా తన శాఖకు చెందినదేనన్న నమ్మకం ఆయనలో సహజంగా ఏర్పడింది. అజ్ఞాత భోజనశాలలు కూడా భూగర్భజలం వంటివేనని, విచ్చలవిడిగా తోడేస్తే ఎండిపోతాయని, కనుక నిల్వల అంచనా, తోడివేతపై నిషేధం, పునర్భరణం అవసరమని ఆయన నివేదిక సమర్పించారు. ప్రభుత్వం దానిని ఆమోదించింది. అందులో తప్పెన్నదగిన వాక్యం ఒక్కటీ లేదు. నేను వాక్యాల గురించే చెబుతున్నాను.

నా సంగతి కొంత చెప్పాలి. నేను ఇక్కడ నిఘంటువులకు ప్రూఫులు దిద్దుతూ చాలాకాలంగా ఒంటరిగా ఉంటున్నాను. నేను వచ్చినప్పుడు నీలగుట్ట ఉత్త గుట్ట. నాకు వంట రాదు. మధ్యాహ్న భోజనం మా ఇంటికి ఎదురుగా రేకుల ఇంట్లో ఉండే భ్రమరాంబగారి మెస్సులో. తెనాలి వైపు నుంచి వచ్చిన ఆమె, నాలాంటి పాతికేళ్ళ నాటి అలవాటు మనుషులు కొందరికి అన్నం పెట్టేది. బోర్డు లేదు. మేజాబల్లలు లేవు. నేల మీద విస్తళ్ళు వేస్తుంది. కనుగొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని ఎవరి ఇల్లో అనుకొని దాటిపోయేవారు.

ఆ మెస్సులో ఒక ఆచారముంది. భ్రమరాంబగారు వంటలో దిగాక ఏదీ నోట పెట్టి చూడదు. పదిమందికి పెట్టే అన్నాన్ని ముందుగా తాను ఎంగిలి చేయరాదన్నది ఆమె పుట్టింటి కట్టుబాటు. వాసనను బట్టి పులుపు చెప్పగలదు, రంగును బట్టి కారం చెప్పగలదు. ఉప్పుకు వాసనా లేదు, రంగూ లేదు. పైగా ఉప్పు వేసిందీ లేనిదీ ఆమెకు ఎన్నడూ గుర్తుండదు. ఒకనాడు వేయదు, ఒకనాడు రెండుసార్లు వేస్తుంది. మిగతా అన్నిటిలో ఆమె వంటకు నేను సాటి ఎరుగను. అందువల్ల పదకొండింటికి మొదటి విస్తట్లో కూర్చునేవాడు మొదటి ముద్ద తిని తీర్పు చెప్పాలి. ఆమె వంటింటి గడపలో నిలబడి, "ఉప్పు సరిపోయిందా మాస్టారూ?" అని అడుగుతుంది. నేను చెప్పినదే ఖాయం. తక్కువంటే కలుపుతుంది, ఎక్కువంటే మరికొంత పప్పు ఉడికించి పోస్తుంది. ఆ తరువాతే మిగతావారికి వడ్డన. ఏళ్ళ తరబడి ఈ ఉద్యోగం నాది. ప్రూఫులు దిద్దడం కంటె ఇందులో నాకు పేరు ఎక్కువ.

అటువంటి ఒక పదకొండు గంటలకు విఠల్ గారు ఇద్దరు సర్వేయర్లతో మెస్సులోకి వచ్చారు. ఒక సర్వేయరు టేపుతో గదిని కొలిచాడు. రెండోవాడు గోడకు చెవి ఆనించాడు. పూర్వపు శాఖ అలవాటు కాబోలు.

"ఇచ్చట ఆహారము వడ్డించబడుచున్నదా?" అని ఉపసంచాలకులు విచారించారు.

"ఆకు వేయమంటారా బాబూ?" అంది భ్రమరాంబగారు.

విధినిర్వహణలో ఉండగా భుజించే అవకాశం లేదని ఆయన చెప్పారు. చెప్పాక కూడా తాలింపు వాసన వైపు ఒక క్షణం తల తిప్పి నిలబడ్డారు. తరువాత తేరుకొని, నగరం మొత్తంలో మిగిలిన ఏకైక అజ్ఞాత భోజనశాల ఇదేనని సర్వేలో తేలినట్టు ప్రకటించారు.

నేను చేతిలో ముద్ద అలాగే ఉంచుకొని ఒక సందేహం వెలిబుచ్చాను. సంస్థ వారు వచ్చి చూశారు గదా, ఇంకా ఇది అజ్ఞాతం ఎలా అవుతుందని.

"ప్రభుత్వమునకు తెలియుట, తెలియుట కిందికి రాదండి," అన్నారాయన ఓపికగా.

మరి మేము రోజూ తింటున్నామే అన్నాను. మేము దీనిని కనుగొనలేదని, కేవలం అలవాటు పడినామని, కాబట్టి మా వల్ల అజ్ఞాతత్వానికి ఇంతవరకు భంగం కలగలేదని ఆయన తీర్పు. "అయినప్పటికిని మీ తలలలో ఈ జ్ఞానము నిల్వయున్నది. ఏ సమయముననైనను లీకేజీకి ఆస్కారము కలదు." నిల్వ, లీకేజీ అనే మాటల దగ్గర ఆయన కంఠంలో పాత శాఖ మీది ప్రేమ వినిపించింది.

మరునాటి నుంచి మెస్సు రక్షిత అజ్ఞాత భోజనశాల అయింది. దాని నిబంధనలు సరళమైనవే. యథాస్థితి చెదరకూడదు గనుక భ్రమరాంబగారు ఎప్పటిలాగే రోజూ వండాలి. అజ్ఞాతత్వం చెదరకూడదు గనుక ఎవరూ తినకూడదు. వండినది పెరట్లో తవ్విన ఇంకుడు గుంతలో పోయాలి. దాని వల్ల పేటలో అజ్ఞాత భోజనశాలల మట్టం క్రమంగా పైకి రాగలదని సంస్థ అంచనా. ఖర్చంతా ప్రభుత్వానిదే. మమ్మల్ని నిర్వాసితులుగా గుర్తించి పునరావాసం కల్పిస్తామన్నారు.

భ్రమరాంబగారు ఇదంతా విని ఒకే ప్రశ్న వేసింది. "ఎవరూ తినకపోతే ఉప్పు సంగతి ఎవరు చెబుతారు బాబూ?"

ఆ అంశం నిబంధనల పరిధిలోకి రాదని విఠల్ గారు సెలవిచ్చారు.

నిర్వాసితులందరం విస్మరణ నిర్ధారణ సంఘం ఎదుట హాజరు కావాలని పిలుపు వచ్చింది. మెస్సును మరచిపోయినట్టు ధ్రువీకరణ పొందినవారు తమ ఇళ్ళలోనే ఉండవచ్చు. పొందనివారిని రోజూ భోజనవేళకు పేట పొలిమేరకు ఆవల ఒక పునరావాస భోజనశాలకు తరలిస్తారు. సంఘంలో ముగ్గురు సభ్యులు. ఒకరు వైద్యశాఖ, ఒకరు రెవెన్యూ శాఖ. మూడోవారు ఏ శాఖ వారో ఆయనకే స్పష్టంగా ఉన్నట్టు లేదు. సంస్థ కార్యాలయం అంతకుముందు ఒక వ్యాయామశాల కావడం వల్ల, చోటు చాలక ఆయన కదలని సైకిలు మీద కూర్చున్నారు.

నాకంటె ముందు పానకాలరావు గారిని పిలిచారు. ఈయన రైల్వేలో గార్డుగా చేసి విరమించిన మనిషి. మెస్సులో నా పక్క విస్తరి ఆయనది. మధ్యాహ్నం ఎక్కడ తింటారని అడిగితే గుర్తులేదన్నారు. భ్రమరాంబ అనే పేరు విన్నారా అంటే శ్రీశైలంలో అమ్మవారన్నారు. అంతవరకు నిక్షేపంగా నడిచింది. అప్పుడు వైద్యశాఖ సభ్యుడు ఒక గిన్నెలో గోంగూర పచ్చడి తెప్పించి ఆయన ముందుంచాడు. పానకాలరావు గారు దానిని చూసి, ఏమాత్రం ఆలోచించకుండా, "ఉల్లిపాయ లేదటమ్మా?" అన్నారు. ఆ గదిలో ఆడవారెవరూ లేరు. సభ్యులు ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఆయనను మరపునకు లొంగని జ్ఞానిగా వర్గీకరించి, రోజూ వ్యానులో తీసుకుపోయి పిజ్జా పెట్టేట్టు ఉత్తర్వులిచ్చారు. మొదటిరోజు ఆ రొట్టెను చూసి, ముందు దీన్ని ఎవరు తొక్కారో కనుక్కోండని ఆయన వడ్డించేవాడికి చెప్పినట్టు తరువాత తెలిసింది.

నా వంతు వచ్చింది. నేను ఏ భోజనశాలను మరచిపోయానో స్పష్టంగా తెలపాలని రెవెన్యూ సభ్యుడు కోరాడు.

"స్పష్టంగా తెలపగలిగితే మరవనట్టే గదండీ," అన్నాను.

"తెలపలేకపోతే మీరు మరచినది మా పరిధిలోని భోజనశాలేనని మేమెట్లు ధ్రువీకరించగలము? మీరు వేరొకదానిని మరచి ఇచ్చటికి వచ్చియుండవచ్చును."

ఇది న్యాయమైన అభ్యంతరం. నేను చాలాసేపు ఆలోచించి, మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఏముందో నాకు బొత్తిగా గుర్తులేదని విన్నవించాను. స్థలం కచ్చితంగా ఉంది, విషయం పూర్తిగా లోపించింది. సభ్యులు సంతోషించారు. తరువాత పచ్చడి వచ్చింది. నేను ఋకారంతో మొదలయ్యే మాటలన్నీ మనసులో వరుసగా చదువుకున్నాను. ఋక్కు, ఋక్షము, ఋజువు, ఋణము, ఋతువు. అవి కొద్ది మాటలే గాని, నేను ఋషభం దాటకముందే గిన్నె తీసేశారు. సైకిలు మీది సభ్యుడు నన్ను అభినందించి, ఇంత శుభ్రమైన మరపు తాము చూడలేదన్నాడు.

ఆ విధంగా నేను ఎదురింటిని అధికారికంగా ఎరగనివాడినయ్యాను. మధ్యాహ్నాలు బన్నురొట్టె, అరటిపండు తిని బతుకుతున్నాను. కిటికీలోంచి చూస్తే ఆమె పెరట్లో గిన్నెలు వంచడం కనిపిస్తుంది. నేను నిబంధన ప్రకారం అటు చూడరాదు గనుక, ప్రూఫుల మీద నుంచి తల ఎత్తినప్పుడు మాత్రమే చూసేవాడిని. ఆ నెల ప్రూఫుల మీద నుంచి తల చాలాసార్లు ఎత్తాను.

ఇంతలో భద్రత సమస్య వచ్చింది. మెస్సును ఎవరూ కనుగొనకుండా గుమ్మం వద్ద ఒక కాపలాదారును పెట్టారు. కాపలా ఉందంటే లోపల ఏదో ఉన్నదని మొదటి శనివారమే జనం మూగారు. తెలివైన అధికారులు కాపలాను తీసివేయలేదు. మెస్సు ఏదో తెలియకుండా వీధిలోని ప్రతి ఇంటికీ ఒక కాపలాదారును నియమించారు. జనం ప్రతి ఇంటి ముందూ వరుసకట్టారు. మా గుమ్మం ముందు నిలబడిన ఒక అమ్మాయి, నేను తలుపు తీయగానే, ఇక్కడ ఏది బాగుంటుందని అడిగింది. నిశ్శబ్దమని చెప్పాను. ఆమె దానిని రాసుకొని వెళ్ళింది.

మూగినవారు కాపలాదారులను దాటలేకపోయినా ముక్కులను ఎవరూ ఆపలేరు. పదకొండింటికి భ్రమరాంబగారు ఇంగువ వేసి తాలింపు పెడితే ఆ వాసన మూడు వీధులు పాకుతుంది. తాలింపు నిషేధిస్తే యథాస్థితికి భంగం. విఠల్ గారు దీనికి పరిష్కారం కనుగొన్నారు. కలుషితమైన బావిని గుర్తించలేకపోవాలంటే అన్ని బావులనూ ఒకేలా చేయాలన్నది ఆయన పాత శాఖలో ఎవరూ ఆచరణలో పెట్టనివ్వని సూత్రమట. ఇప్పుడు అవకాశం వచ్చింది. నీలగుట్టలోని ప్రతి నివాసమూ, ప్రతి వ్యాపారసంస్థా ఉదయం పదకొండు గంటలకు విధిగా తాలింపు పెట్టవలెనని ఉత్తర్వు వెలువడింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు, సీలువేసిన సంచిలో ఇంటింటికీ పంచారు.

పేట రూపురేఖలు మారిపోయాయి. పదకొండు కాగానే సైరను మోగేది, వెంటనే మూడువేల ఇళ్ళలో ఆవాలు చిటపటలాడేవి. మా పైఅంతస్తులోని సాఫ్ట్‌వేర్ యువకుడికి పొయ్యి లేదు. అతడు సంచిలోని సరుకంతా నీళ్ళు కాచుకునే ఎలక్ట్రిక్ కెటిల్‌లో వేసి చూశాడు. యోగా కేంద్రంలో శ్వాసవ్యాయామాల వేళ మార్చారు. పచ్చిచేపల హోటలులో చేపలకు ఇంగువ వాసన పట్టింది. దానిని ఒక కొత్త రుచిగా ఎవరో కనుగొన్నారు. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఒక చేత్తో ముక్కు మూసుకొని రెండో చేత్తో వాహనాలను అన్ని దిక్కులకూ వదిలేసేవాడు.

నా మొదటి తాలింపు గురించి వివరంగా రాయను. ఆవగింజలు కళ్ళద్దాలకు తగిలాయి, మిరపకాయ నల్లబడింది, గుమ్మంలోని కాపలాదారు తుమ్ముతూ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. మూడోరోజున అతడే నా మీద ఫిర్యాదు చేశాడు. విచారణకు వచ్చిన విఠల్ గారు మాడిన మూకుడును చూసి, ఇది పర్యవేక్షణ అవసరమైన కేసని, తాలింపులో అనుభవం గల ఒకరిని రోజూ అరగంట పాటు నాకు తోడుగా పంపాలని రాసి పంపారు. పేట జాబితాలో అటువంటి అనుభవం గలవారు ఒక్కరే తేలారు.

అలా భ్రమరాంబగారు, ప్రభుత్వపు ఉత్తర్వు మీద, మా ఇంటికి వచ్చింది. కొంగు చాటున మూతపెట్టిన గిన్నె ఉంది.

"తాలింపు వేయాలంటే పప్పుండాలిగా మాస్టారూ. ఉత్త నూనెలో వేసి ఏం చేసుకుంటారు?" అంది. కాపలాదారు నిబంధన ప్రకారం మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆమె గొంతు తగ్గించింది. "తినే నోరు లేని వంట వండుతున్నా. ఉప్పు వేశానో లేదో చెప్పేవాళ్ళు లేరు. అలా గుంతలో పోసేస్తున్నా. ఇట్లాగే ఇంకొన్నాళ్ళు జరిగితే నా చెయ్యి నాకే తెలియకుండా పోతుంది."

ఆమె తాలింపు వేసింది. నా దగ్గరున్న ఒకే కంచంలో అన్నం, పప్పు పెట్టి, నా వంటింటి గడపలో నిలబడింది. నా ఇల్లు కట్టినప్పటి నుంచి ఆ గడపలో ఎవరూ నిలబడలేదు.

"ఉప్పు సరిపోయిందా మాస్టారూ?"

"ఎక్కువైందమ్మా," అన్నాను. "రెండుసార్లు వేసినట్టున్నారు."

ఆమె ముఖం వికసించింది. ఎవరినైనా నేను అంత సంతోషపెట్టిన సందర్భం మరొకటి గుర్తులేదు. అది మొదలు రోజూ వచ్చేది. రోజూ చెప్పేవాడిని. ఆమె వెళ్ళి కుండలో సరిచేసి, ఆపైన దానిని గుంతలో పోసేది. గుంతలోకి పోయేదైనా సరే, ఉప్పు సరిగా ఉండి పోవాలని ఆమె పట్టు.

ఈ లోపున సంస్థ మీద ఒత్తిడి పెరిగింది. భద్రపరచిన నిల్వను ఎప్పటికైనా వినియోగంలోకి తేవాలి గదా అని పత్రికలు రాశాయి. మెస్సును మొట్టమొదట కనుగొనే హక్కు మంత్రివర్యులకే ఉండడం సముచితమని నిర్ణయమైంది. పేట నిండా ఫ్లెక్సీలు వెలిశాయి. వచ్చే గురువారం మంత్రివర్యులు అనుకోకుండా కనుగొననున్న భోజనశాలకు హార్దిక స్వాగతమని వాటి మీద రాసి, మంత్రివర్యులు ఆశ్చర్యపోతున్న ఫొటో వేశారు.

అనుకోకుండా కనుగొనడానికి మూడు రిహార్సళ్ళు జరిగాయి. మంత్రివర్యుల బదులు ఒక గుమాస్తా వీధిలో నడిచి రావాలి. మెస్సు ముందుకు రాగానే చెప్పు తెగాలి. వంగి, లేచి, ముక్కుతో వాసన పట్టి, ఇదేమి అని అనాలి. చెప్పు సరిగ్గా అక్కడే తెగేందుకు ఒక చర్మకారుడిని కుదిర్చారు. అతడు ఎంత చెప్పినా మంచి చెప్పును కోయనన్నాడు. చివరికి సంస్థ వారే తెగిన చెప్పును కొని తెచ్చారు. మొదటి రిహార్సలులో గుమాస్తా అలవాటు చొప్పున, ఇదేమి అనడానికి బదులు, సంతకం ఎక్కడ సార్ అన్నాడు.

గురువారం వచ్చింది. మంత్రివర్యులకు ఒక్క వాసనే తగలాలి గనుక ఆ రోజు పేటలో తాలింపులు రద్దుచేశారు. తాలింపు లేదు గనుక భ్రమరాంబగారు మా ఇంటికి రావడానికి ఉత్తర్వూ లేదు. తెల్లవారుజాము నుంచే ఆమెను వంటింట్లో ఉంచి గుమ్మానికి ఇద్దరిని కాపలా పెట్టారు. ఒక్క గరిటెడు పప్పు ఎదురింటికి పంపనివ్వండని ఆమె అడిగిందట. ఎదురింట్లోని వ్యక్తికి ఇక్కడ ఏమున్నదో తెలియదని ప్రభుత్వమే ధ్రువీకరించిందని జవాబు వచ్చింది.

కార్యక్రమం రహస్యం గనుక వీధి పొడవునా మైకులు పెట్టి వినిపించారు. నేను కిటికీ మూసుకొని విన్నాను. చెప్పు తెగింది. ఇదేమి అన్నారు. చప్పట్లు కొట్టారు. విస్తళ్ళు వేశారు. కాసేపటికి, ఇన్నేళ్ళుగా నేను విన్న ఆ కంఠం, మైకులలోంచి మూడు వీధుల పొడవునా వినిపించింది.

"ఉప్పు సరిపోయిందాండీ?"

తరువాత నిశ్శబ్దం. నేను ప్రూఫులు దిద్దేవాడిని. మాట ఉండవలసిన చోట లేకపోతే నాకు వెంటనే తెలుస్తుంది. అందరూ మంత్రివర్యుల ముఖంలోకి చూస్తున్నారని, మంత్రివర్యులు విస్తట్లోకి చూస్తున్నారని ఊహించాను. చివరికి విఠల్ గారి గొంతు వినిపించింది.

"సమగ్రముగా నున్నదమ్మా."

వెంటనే ఇరవై గొంతులు బాగున్నది, అద్భుతంగా ఉన్నది అన్నాయి.

సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. గిన్నె లేదు. కాపలాదారులు ఫొటోలలో పడడానికి వెళ్ళారు. ఆమె గడపలోకి రాలేదు, వీధిమెట్టు మీదే కూర్చుంది.

"అందరూ వెళ్ళాక నేను కూర్చున్నా మాస్టారూ. ఆఖరి ముద్ద నాదేగా. పప్పులో ఉప్పు లేదు. కూరలో లేదు. చారులో లేదు." వీధికి అవతల తన గుమ్మం వైపు చూసింది. "ఇరవైమంది తిన్నారు. విస్తట్లో ఉప్పు కూడా పెట్టించుకోలేదు. ఒక్కరు చెబితే వేసేదాన్నిగా."

ఇంట్లో ఉన్నవి బన్నురొట్టె, అరటిపండు. అవే పెట్టాను. తిన్నది.

ఇరవైమందిలో ఎవరో బయటికి వెళ్ళాక నోరు విప్పినట్టున్నారు, మరునాటి పత్రికలలో ఉప్పులేని ఆ భోజనం గురించి సంపాదకీయాలు వచ్చాయి. ఇది పూర్వీకుల అసలైన రుచి అని మంత్రివర్యులు ప్రకటించారు. మెస్సు కనుగొనబడిన నాటి స్థితిలో ఉప్పు లేదు గనుక, దానిని ఆ స్థితిలోనే కొనసాగించాలని, ఉప్పు కలపడం యథాస్థితిని చెరపడమే అవుతుందని సంస్థ ఆదేశించింది. వారం తిరక్కముందే మరో పదకొండు హోటళ్ళు ఉప్పు మానేశాయి. మా వీధిలో వరుస కూడలి దాటింది. ఆ వరుసలోని వారు భ్రమరాంబగారి పప్పు తిని, కళ్ళు మూసుకొని, తల ఊపి, ఫొటో తీసుకొని వెళ్ళేవారు. ఆమె పాత అలవాటున మొదటి ముద్ద దగ్గర గడపలో నిలబడి అడిగేది. వారు ఆ ప్రశ్న కూడా పూర్వీకుల సంప్రదాయంలో భాగమనుకొని దానిని వీడియో తీసేవారు. జవాబు ఎవరూ చెప్పలేదు.

వరుస మొదలైన నాలుగోరోజున ఆమె పొయ్యి ఆర్పి, తాళంచెవులు తెచ్చి విఠల్ గారి చేతిలో పెట్టింది. మీరు కనుక్కున్నదేదో మీ దగ్గరే ఉంచుకోండి బాబూ అని మాత్రం అన్నదట. సంస్థ వారు కాంట్రాక్టు మీద ఒక వంటవాడిని పెట్టి మెస్సును నడిపించారు. అతడికి ఉప్పు వేయకపోవడంలో ఇబ్బంది కలగలేదు. వరుసలో నిలబడ్డవారికి తేడా తెలియలేదు.

ఆమె కుండలతో సహా మా ఇంటికి వచ్చింది. దీనికి చట్టబద్ధమైన ఆధారముంది. తాలింపుల ఉత్తర్వును గురువారం ఒక్కరోజుకే రద్దుచేశారు. తరువాత దాని అవసరం తీరిపోయినా, పూర్తిగా రద్దుచేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పదకొండింటికి ఇంకా సైరను మోగుతుంది, ఇంకా సంచులు వస్తాయి. నా పర్యవేక్షకురాలిగా ఆమె నియామకం ఇంకా అమల్లోనే ఉంది.

రెండోరోజు పానకాలరావు గారు పిజ్జా వ్యాను నుంచి కూడలిలో దూకి నేరుగా వచ్చారు. మూడోరోజు మిగతా నిర్వాసితులు. నిఘంటువుల కట్టలు గోడవారకు జరిపి, వాటి మధ్య విస్తళ్ళు వేశాము. నాకు ఇంట్లో మనుషులుండడం పడదు. పానకాలరావు గారు చారు జుర్రేటప్పుడు చేసే చప్పుడు రైలు స్టేషనులోకి వస్తున్నట్టుంటుంది. ఒకనాడు ఆయన చేయి తుడుచుకున్నది ప్రూఫు కాగితానికి. అయినా పదకొండింటికి తలుపు తెరిచే ఉంచుతున్నాను. మొదటి ముద్ద నాదే.

కిందటి వారం సరిగ్గా ఆ వేళకు విఠల్ గారు వచ్చారు. ఈసారి సర్వేయర్లు లేరు. మనిషి చిక్కిపోయాడు. తమ సంస్థ నిల్వ ఇప్పుడు శూన్యమని, కొత్త అజ్ఞాత భోజనశాల ఏదైనా కనుగొని భద్రపరచకపోతే సంస్థనే మూసివేస్తారని, తాను తిరిగి బోరుబావుల దగ్గరకు పోవలసి వస్తుందని, నిలబడే చెప్పుకున్నారు. చెబుతూ చెబుతూ గదిలోకి చూశారు. నిఘంటువుల మధ్య విస్తళ్ళు, విస్తళ్ళ ముందు నిర్వాసితులు, గడపలో భ్రమరాంబగారు. పానకాలరావు గారు తన విస్తరిని రెండు చేతులతో పట్టుకున్నారు, ఎవరైనా లాక్కుపోతారేమోనన్నట్టు.

"ఇచ్చట…" అని మొదలుపెట్టి విఠల్ గారు ఆగిపోయారు. ఇంగువ పొగ ఆయన వైపు వెళ్ళింది.

"మీకు తెలిసిపోయింది గదండీ," అన్నాను.

ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. తరువాత వంగి చెప్పులు విడిచారు.

"ప్రభుత్వమునకు తెలియుట, తెలియుట కిందికి రాదని మీకు మునుపే తెలియజేసియుంటిని," అన్నారు నెమ్మదిగా.

నేను లేచి మొదటి విస్తరి ఆయనకు విడిచిపెట్టి పక్కకు జరిగాను. ఏళ్ళ తరువాత మొదటిసారి ఆ చోటు మరొకరికిచ్చాను. ఆయన కూర్చున్నారు. భ్రమరాంబగారు అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి చుక్క వేసి, గడపలోకి వెళ్ళి నిలబడింది. ఆయన కలిపి, మొదటి ముద్ద నోట పెట్టుకున్నారు.

"ఉప్పు సరిపోయిందా బాబూ?"

మైకులలో విన్న నిశ్శబ్దమే మళ్ళీ వచ్చింది. ఆయన అలవాటుగా అటూ ఇటూ చూశారు. ఈసారి చూడడానికి పైవారెవరూ లేరు. ఎదురుగా ఉన్నది వరుసగా పేర్చిన నిఘంటువులు. ముద్ద మింగారు. మెడ కాస్త వంచి, మేమెవరమూ అంతవరకు వినని గొంతుతో, తన ఊరి మాటలో అన్నారు.

"జర తక్కువైందమ్మా."

భ్రమరాంబగారు లోపలికి వెళ్ళింది. ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.